వారంటీ కార్డు చదివిన చంద్రరావు

చంద్రరావంటే నాకు మొదటిరోజు నుంచీ గిట్టదు. కాకినాడలో ఈ తుపాకుల షాపు కౌంటర్లో ఇరవై రెండేళ్ళుగా కూర్చుంటున్నాను. మా దగ్గరికి వచ్చేవాళ్ళు రెండే రకాలు. నడుముకు రివాల్వరు పెట్టుకుని పెళ్ళిళ్ళలో తిరిగే ఆసాములు ఒక రకం. తుపాకీ ఉంటేనే ఉద్యోగం దొరికే మాజీ సైనికులు ఇంకో రకం. ఎవరైనా సరే, సంతకం ఎక్కడ పెట్టాలో అడిగి, పెట్టేసి వెళ్ళిపోతారు. చంద్రరావు మాత్రం కుర్చీ లాక్కుని, కళ్ళజోడు పెట్టుకుని, వారంటీ కార్డు నాలుగు పేజీలూ చదివాడు.

ఇంగ్లీషు అర్థం కానిచోట వేలు పెట్టి నన్ను అడిగేవాడు. అన్ని కంపెనీలూ రాసే మామూలు మాటలేనని చెప్పాను. అన్ని కంపెనీలవీ తనకు అక్కర్లేదనీ, దీని సంగతే చెప్పమనీ అన్నాడు. భోజనం వేళ దాటిపోతోంది. స్క్రూలు కంపెనీవాళ్ళు తప్ప ఎవరూ విప్పకూడదన్న షరతును నా చేత మూడుసార్లు చెప్పించాడు. "అంటే పదిహేడేళ్ళు ఆర్మీలో ఆయుధాలు విప్పి తుడిచిన నేను, నా తుపాకీ విప్పకూడదా అండి?" అని అడిగాడు. విప్పితే వారంటీ పోతుందన్నాను. గంటసేపు నన్ను నిలబెట్టిన మనిషికి అంతకంటే మర్యాదగా ఎవరు చెబుతారు?

ఉప్పాడలో చేపల వేటకెళ్ళే కుటుంబం వాళ్ళది. వాళ్ళ ఇల్లు సముద్రంలో కలిసిపోయింది. వెనక్కి జరిగి కట్టుకున్న రెండో ఇల్లూ కలిసిపోయింది. అతను సర్వీసులో ఉండగానే తండ్రి పోయాడు, పడవ అమ్ముకున్నారు. తిరిగొచ్చేసరికి తల్లి మరిడమ్మ, భార్య, ఇద్దరు పిల్లలు అద్దె ఇంట్లో ఉన్నారు. కాకినాడలో బంగారం తాకట్టు పెట్టుకునే ఆఫీసు ఒకటి గన్‌మేన్ ఉద్యోగం ఇస్తామంది. సొంత లైసెన్సు, సొంత ఆయుధం ఉండాలన్నది వాళ్ళ షరతు. ఉన్న నాలుగు రాళ్ళూ ఊడ్చి పాయింట్ త్రీటూ రివాల్వరు కొన్నాడు. కొన్నరోజు తల్లిని కూడా వెంట తెచ్చాడు. ఆవిడ మా బల్ల మీద కూర్చుని అన్నీ కళ్ళప్పగించి చూసింది. వాళ్ళ ఇంటి కథంతా నేను అడక్కుండా వేరేవాళ్ళు చెప్పారు. అతను తన గురించి ఒక్క ముక్క చెప్పే రకం కాదు. ఆ బిగుసుకుపోవడం కూడా నాకు నచ్చలేదు.

కొన్నది ఏప్రిల్లో. డిసెంబర్లో మళ్ళీ ప్రత్యక్షమయ్యాడు. గార్డులందరికీ ఏటా జరిగే ప్రాక్టీసులో ట్రిగ్గర్ నొక్కితే సిలిండర్ తిరగలేదట. పదిమంది ముందు పరువు పోయిందని అతను అనలేదు గానీ ముఖం చూస్తే తెలుస్తూనే ఉంది. ఏడాది వారంటీలో ఇంకా నాలుగు నెలలు ఉన్నాయనీ, బాగుచేయించాల్సింది మేమేననీ కార్డు తీసి నా ముందు పెట్టాడు. తను విప్పితే అరగంటలో తేలిపోయేదనీ, కార్డు వద్దంది కాబట్టే విప్పలేదనీ ఒక చురక అంటించాడు.

కంపెనీ ఫారంలో ఇరవై ప్రశ్నలు ఉంటాయి. నేను అడుగుతున్నాను, అతను చెబుతున్నాడు. కింద పడేశారా? లేదండి. ఎవరైనా విప్పారా? లేదండి. నీళ్ళు గానీ మరే ద్రవం గానీ తగిలిందా? ఆ ప్రశ్న దగ్గర కూడా తడుముకోకుండా లేదన్నాడు. లేదని రాశాను.

తుపాకీని పోస్టులో పడేస్తే చేరేది కాదు. పోలీసు పర్మిషన్ రావాలి, తర్వాత కంపెనీ మనిషి వచ్చి పట్టుకెళ్ళాలి. అది కదలడానికే నెల పట్టింది. ఈలోగా ఆఫీసువాళ్ళు చంద్రరావుకు మూడు నెలల గడువు ఇచ్చారు. అప్పటికి ఆయుధం చూపించకపోతే వేరేవాణ్ణి పెట్టుకుంటామన్నారు. అప్పట్నుంచి ప్రతి సోమవారం పదింటికల్లా షాపు ముందు నిలబడేవాడు. అరిచేవాడు కాదు. "ఏమైనా తెలిసిందా అండి" అనేవాడు. లేదంటే "వచ్చే సోమవారం వస్తానండి" అనేవాడు. ఆ అండిలో ఎంత కారం ఉండేదో మా గోదావరోళ్ళకే తెలుస్తుంది. సోమవారం వస్తోందంటే ఆదివారం సాయంత్రం నుంచే నా ఒళ్ళు మండేది.

మార్చి మొదట్లో రిపోర్టు వచ్చింది. లోపలి స్ప్రింగు తుప్పు పట్టి బిగుసుకుపోయిందట. అక్కడ పసుపు, కుంకుమ, ఎండిపోయిన కొబ్బరినీళ్ళ జిగురు దొరికాయట. ఫొటోలు కూడా పంపారు. ఇది వాడినవాడి తప్పు, వారంటీ వర్తించదు. తన అజాగ్రత్త వల్లే పాడైందని సంతకం చేసి డబ్బు కడితే బాగుచేసి పంపుతామన్నారు.

నిజం చెప్పాలంటే, ఆ సోమవారం కోసం నేను ఎదురుచూశాను. అతను రాగానే కాగితం ముందుపెట్టి, నీళ్ళు తగల్లేదని చెప్పారే, మరి ఇదేంటని అడిగాను. అతను ఫొటోలు చూశాడు. దసరాకి అమ్మ పూజలో పెట్టిందన్నాడు. వేటకెళ్ళేవాళ్ళ ఇళ్ళలో పడవ ఇంజనూ వలలూ పెట్టే పీట మీదే దీన్నీ పెట్టారు. పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి నీళ్ళు చల్లారు. పీట మీద పెట్టిన వస్తువును ఉద్వాసన చెప్పేదాకా కదపకూడదు కదా, రెండు రోజులు అలాగే ఉంచారు. తర్వాత పైపైన తుడిచి నూనె రాశాడు. లోపలికి దిగింది అందలేదు, విప్పకూడదు గనక. పూజ నీళ్ళను నీళ్ళు తగలడమంటారని తనకు తోచలేదన్నాడు. అబద్ధం ఆడలేదని నాకు అర్థమైంది. అయినా సంతోషం తగ్గలేదు.

అంతా చెప్పి నా ముఖంలోకి చాలాసేపు చూశాడు. నేనే గెలిచాననుకున్నాను. సంతకం పెట్టమన్నాను. "ఆయుధం అజాగ్రత్తగా ఉంచానని రాసిచ్చిన గన్‌మేన్‌ని ఎవరు ఉంచుకుంటారండి?" అన్నాడు. కాగితం అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు.

ఇక్కడ నేను దాచిన సంగతి ఒకటి చెప్పాలి. మా షాపులో ఏ తుపాకీ అమ్మినా పూజ చేసి ఇవ్వడం ఆనవాయితీ. ఓనరు హరిబాబు గారికి దుర్గమ్మ మీద గురి. కొత్త బండికి చేసినట్టే ఇత్తడి పళ్ళెంలో పెట్టి, పసుపు కుంకాలు అద్ది, కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్ళు మూడుసార్లు చల్లుతాం. చల్లేది నేనే. చంద్రరావు రివాల్వరు మీదా నేనే చల్లాను. అతను నా ముఖంలోకి చూసింది అందుకే. నోరు విప్పి ఆ మాట అనలేదు. నేనే చెప్పాలని చూశాడో ఏమో.

ఆ గురువారం తల్లిని వెంటబెట్టుకుని వచ్చాడు. వెంటబెట్టుకుని అనడం తప్పు, ఆవిడే అతన్ని లాక్కొచ్చింది. గడువుకు ఇంకా రెండు రోజులున్నాయి. మరిడమ్మ నన్ను దాటి నేరుగా హరిబాబు గారి టేబులు దగ్గరికి వెళ్ళింది.

"బాబుగారండీ, నేను కొత్తగా చేసింది ఏమీ లేదండి. ఆ రోజు ఇక్కడ ఈయన ఎలా చేశారో చూసి, దసరాకి అలాగే చేశాను. తప్పయితే మీ తప్పూ ఉంది కదండి. మేమే పూజ చేసి ఇచ్చాం, చెయ్యకూడదని చెప్పలేదు అని ఒక్క ముక్క రాసివ్వండి. కంపెనీవాళ్ళు ఒప్పుకుంటారంట, అది చూపిస్తే ఆఫీసువాళ్ళు గడువు పెంచుతారంట, వీడి ఉద్యోగం నిలబడుద్ది."

ఒప్పుకునేవాళ్ళే. అలాంటి కాగితం పంపితే ఆ నష్టం మా మీద వేసి వాళ్ళు బాగుచేసి పంపేవాళ్ళు. తర్వాత వాళ్ళ సరుకు అమ్మే మా ఏజెన్సీ సంగతి చూసేవాళ్ళు. ఇది హరిబాబు గారికి తెలుసు, నాకూ తెలుసు. ఆయన ఫోను పక్కన పెట్టి నా వైపు తిరిగారు. "బుల్లియ్యా, మనం అలా నీళ్ళూ అవీ చల్లామా?" అని అడిగారు.

ఆయనకు గుర్తులేక అడిగింది కాదు. ఏం చెప్పాలో నాకు చెప్పడానికి అడిగారు. యాభై నాలుగేళ్ళ వయసులో ఇక్కడ్నుంచి బయటికి పోతే నన్ను పిలిచి కూర్చోబెట్టేవాడు కాకినాడలో లేడు. చంద్రరావు మీద ఉన్న కోపమంతా ఆ క్షణంలో కూడగట్టుకున్నాను. కోపం ఉంటే అబద్ధం తేలిగ్గా వస్తుంది.

"లేదండి. బొట్టు పెట్టి ఇస్తాం, అంతే" అన్నాను.

మరిడమ్మ నోరు తెరిచింది. శాపనార్థాలు పెడుతుందనుకున్నాను. పెట్టినా పడదామనుకున్నాను. ఈలోగా చంద్రరావు ఆవిడ భుజం పట్టుకున్నాడు.

"పదమ్మా. ఆయన ఉద్యోగం ఆయనకి కావాలి కదా" అన్నాడు.

వెటకారంగా అని ఉంటే తిరిగి ఒక మాట అనేవాణ్ణి. జ్వరం వచ్చిన మనిషి గురించి మాట్లాడినట్టు అన్నాడు. నా మీద అలా జాలిపడటానికి వాడెవడు? ఆ మాట తల్చుకుంటే ఇప్పటికీ నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

శనివారంతో గడువు అయిపోయింది. చంద్రరావు లైసెన్సు సరెండర్ చేశాడని తర్వాత తెలిసింది. ఇప్పుడు వేరేవాళ్ళ పడవ మీద వాటా కూలీగా వేటకు వెళుతున్నాడట. రివాల్వరు కంపెనీలోనే ఉంది. ఆ ఆఫీసువాళ్ళు కొత్త గన్‌మేన్‌ని పెట్టుకున్నారు. అతనూ మా దగ్గరే కొన్నాడు. ఆ రోజు కొబ్బరికాయ తేవద్దని హరిబాబు గారు ముందే చెప్పారు. ఎందుకని నేను అడగలేదు. కార్డు మీద సంతకం ఎక్కడ పెట్టాలో చూపించి, చదువుకోండి అని మాత్రం అన్నాను. అవసరం లేదండి, మీరున్నారుగా అన్నాడు అతను.