వీధి చివరి నల్లాకు నీళ్ళు

సార్ పోయారని అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను ఎల్బీనగర్ చౌరస్తాలో, మెట్రో మెట్ల కింద కరపత్రాలు పంచుతున్నాను. పొద్దున్నే డ్యూటీలకు పోయేవాళ్ళ చేతిలో పెడితేనే ఎవరైనా చదువుతారని నా నమ్మకం.

"సారు లేడు రా. చాయ్ తాగి, జర ఆయాసమొస్తుందని మంచం మీద ఒరిగిండంట. మేడం లేపితే లేవలె. నువ్వు జల్ది రా," అంది అమ్మ.

చేతిలో మిగిలిన కరపత్రాలు ఎక్కడ పెట్టానో గుర్తులేదు. కర్మన్‌ఘాట్ పోయే ఆటోలో కూర్చున్నాక డ్రైవర్ ఏదో అడిగాడు. చేత్తో ముందుకు చూపించాను. నాకు కోపం వస్తే నోరు ఆగదని మా వీధి మొత్తానికి తెలుసు. ఏడుపు వస్తే నోరు లేవదని నాకే ఆ రోజు తెలిసింది.

సార్ అంటే మా ఇంటి ఓనరు. ఏనాడూ నాకు క్లాసులో పాఠం చెప్పలేదు. ఆయన చాలా ఏళ్ళు యెమెన్ దేశంలో లెక్కలు చెప్పారు. అక్కడ యుద్ధం ముదిరాక, తన భార్య మేడంతో కలిసి ఒక్క సూట్‌కేసు పట్టుకొని తిరిగివచ్చి, ఎప్పుడో కట్టుకున్న ఈ ఇంట్లో పై అంతస్తులో ఉండేవారు. కింద పోర్షన్‌లో మేము కిరాయికి ఉంటాం. అమ్మ జాకెట్లు కుడుతుంది. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో, కోచింగ్ సెంటర్ల సందులో, ఒక చిన్న ప్రింటింగ్ షాపులో పనిచేస్తాను. నా చదువంతా ఆ షాపే. ఎర్రజెండాల వాళ్ళు, కులసంఘాల వాళ్ళు, ఆటో యూనియన్లు, ఉద్యోగాల నోటిఫికేషన్ అడిగే నిరుద్యోగులు... ఎవరు కరపత్రం అచ్చువేయించుకోవడానికి వచ్చినా ముందు నేనే చదివేవాణ్ణి. చదివి చదివి, ఈ దేశం ఒక్క తోపుకు పడిపోయే గోడ అని, తోసేవాడు లేకనే నిలబడిందని గట్టిగా నమ్మాను. రోజూ ఇంటికొచ్చి మెట్ల మీద కూర్చున్న సార్‌తో అదే వాదించేవాణ్ణి.

ఆయన నన్ను పేరుతో పిలిచింది తక్కువ. "ఏం లీడర్ సాబ్, ఇయ్యాల ఎవర్ని దించినవ్?" అనేవారు. నేను ఇంకా రెచ్చిపోయేవాణ్ణి. ఆయన నవ్వుతూ మొత్తం వినేవారు. మధ్యలో లేచి పోయింది లేదు. నా మాటలు అంత ఓపికగా విన్న మనిషి నా జీవితంలో ఇంకొకరు లేరు.

సార్‌కు కొన్ని అలవాట్లు ఉండేవి. అవి చూస్తే మొదట్లో నాకు ఒళ్ళు మండేది. కరెంటు పోయి మళ్ళీ రాగానే, వీధిలో పిల్లలంతా "ఒచ్చింది" అని అరుస్తుంటే, ఆయన ట్రాన్స్‌ఫార్మర్ వైపు చూసి "షుక్రన్" అనేవారు. అరబ్బీలో ధన్యవాదం అట. నీళ్ళు వదిలే లైన్‌మన్‌కు, టీకాలు వేయడానికి వచ్చే ఆశా అక్కకు, పోస్ట్‌మన్‌కు అందరికీ షుక్రనే. ఎల్బీనగర్ సిగ్నల్ దగ్గర ఎదుట ఒక్క బండి లేకపోయినా ఎర్ర లైటుకు స్కూటర్ ఆపేవారు. వెనకవాళ్ళు హారన్లతో చెవులు చిల్లులు పొడుస్తుంటే, వెనక కూర్చున్న నాతో, "లైటు ఎలుగుతుంది, మనం ఆగుతున్నం. ఇది చిన్న సంగతి అనుకుంటున్నవా?" అనేవారు.

"వాళ్ళ జీతాలు మన పన్నులు సార్. షుక్రన్ ఎందుకు? వాళ్ళే మనకు చెప్పాలె," అన్నాను ఒకసారి.

"జీతాలు లేకున్నా పనిచేసేటోళ్ళను చూసిన బిడ్డా. అందుకే జీతం తీసుకొని ఒచ్చేటోనికి గూడ చెప్తున్న," అన్నారు.

ఆ మాట ఎవరి గురించో నాకు తరవాత తెలిసింది. యెమెన్‌లో సార్‌తో పాటు పనిచేసిన ఒక టీచరు ఇంకా అక్కడే ఉన్నాడు. జీతం ఎప్పుడొస్తుందో తెలియకపోయినా రోజూ బడికి పోతాడు. అప్పుడప్పుడు వీడియో కాల్ చేసేవాడు. ఒక పొద్దున సార్ ఫోన్ పట్టుకొని ఉరుకుల మీద కిందికి వచ్చారు. చెత్త ఆటో పాట పెట్టుకొని వీధిలోకి వస్తోంది. సార్ ఫోన్‌ను దానివైపు తిప్పారు. ఆటో అబ్బాయి తడి చెత్త, పొడి చెత్త అని మా అమ్మతో కొట్లాడుతున్నాడు. ఫోన్‌లో ఆ యెమెన్ టీచరు, నెరిసిన గడ్డం మనిషి, మనం పెళ్ళి వీడియో చూసినట్టు చూస్తున్నాడు. ఆటో మలుపు తిరిగేదాకా చూశాడు.

"అక్కడ మా వాళ్ళ వీధిల చెత్త గుట్టలైంది. పోరగాళ్ళకు రోగాలొచ్చినయి. దవాఖానల మందు లేదు," అన్నారు సార్ ఫోన్ జేబులో పెట్టుకుంటూ. ఆ రోజు నేను ఏమీ వాదించలేదు.

కానీ నీళ్ళ దగ్గర వాదించాను. ఆ కథే చెప్పాలి.

మా వీధికి దినం తప్పి దినం నల్లా నీళ్ళు వదులుతారు. వీధి చివర, మా కాలనీ అయిపోయి బస్తీ మొదలయ్యే చోట, అందరికీ కలిపి ఒక నల్లా ఉంది. ఎండాకాలం వచ్చిందంటే ఆ నల్లా దగ్గర బిందెలు వరస కట్టేవి గానీ నీళ్ళు వచ్చేవి కావు. దారంలా కారి ఆగిపోయేవి. బస్తీ పెద్దమ్మ ఒకావిడ, నల్గొండ వైపు మనిషి, మా అమ్మకు దోస్తు, ఖాళీ బిందె చంకన పెట్టుకొని మా గుమ్మం ముందు కూలబడేది. "మా నోట్ల మట్టి గొట్టిన్రు," అని ఎవర్ని తిడుతుందో తెలియకుండా తిట్టేది.

ఎవర్ని తిట్టాలో నాకు తెలుసనుకున్నాను. షాపులో రాత్రింబవళ్ళు కూర్చొని కరపత్రం రాశాను. పైన పెద్ద అక్షరాలతో "ఇది దేశమా, స్మశానమా?" అని పెట్టాను. సోమవారం నీళ్ళ ఆఫీసుకు తాళం వేస్తున్నామని కింద ప్రకటించాను. తాళం కూడా కొన్నాను, పిడికిలంత ఇత్తడి తాళం. రెండూ తీసుకుపోయి సార్‌కు చూపించాను, మెచ్చుకుంటారని కాదు, ఆయన నోరు మూయించాలని.

సార్ అద్దాలు పెట్టుకొని మొత్తం చదివారు. "స్మశానంల నల్లా ఉంది లీడర్ సాబ్. పోయి చూసిరా. నీళ్ళు గూడ ఒస్తయి," అన్నారు.

నేను మండిపడ్డాను. (ఆయన్ను సాగనంపిన రోజు చూశాను. ఉంది. నీళ్ళు వస్తున్నాయి. కాళ్ళు కడుక్కున్నాను.)

"తాళమెందుకు?" అన్నారు మళ్ళీ. "తాళమేసిన ఆఫీసులు యెమెన్ల నేను శాన చూసిన. అక్కడ తీసేటోడు మళ్ళ రాలె."

"మరి ఏం చేయాలె సార్? నీళ్ళియ్యని ఆఫీసుకు దండం పెట్టాలెనా? షుక్రన్ చెప్పాలెనా?"

"రేపు నీళ్ళొదిలే టయానికి నాతోటి జర నడువు," అన్నారు.

మరునాడు లైన్‌మన్ వచ్చి పొడుగాటి ఇనుప రాడ్‌తో వాల్వ్ తిప్పి వెళ్ళాక, ఇద్దరం వీధి మొదటినుంచి నడిచాం. సార్ ఒక్కో గేటు దగ్గర ఆగి "విను" అనేవారు. మొదట అర్థం కాలేదు. తరవాత వినిపించింది. గేటు వెనక, నేలలోని నీళ్ళ సంపు పక్కన, జుయ్యిమని మోటరు. పక్క గేటు, మళ్ళీ జుయ్యి. సంపులోంచి ట్యాంకుకు ఎక్కించే మోటరు కాదిది. వీధి పైపుకే నోరు పెట్టి, వచ్చిన నీళ్ళు వచ్చినట్టు గుంజుకునేది. ఇది ఉంటే చివరి నల్లాకు మిగిలేది గాలే. ఎవరింట్లో వాళ్ళు, ఎవరికీ చెప్పకుండా, అందరూ పెట్టుకున్నారు. అందరూ కలిసి కాలనీ మీటింగులో నీళ్ళు రావట్లేదని గవర్నమెంటును తిట్టేవాళ్ళు.

మా గేటు దగ్గరికి వచ్చాం. అక్కడా జుయ్యిమంటోంది. సార్ తల వంచుకున్నారు.

"మేం అక్కడున్నప్పుడు మీకన్న ముందు కిరాయికున్నోళ్ళు పెట్టిన్రు. ఒచ్చినంక నేను తీసెయ్యలె. సంపు తొందరగ నిండుతుంటే ఎందుకని అడగలె. బాగనే ఉండె గద."

గేటు మెట్టు మీద కూర్చొని చెప్పారు. వాళ్ళున్న ఊళ్ళో నీళ్ళ ఆఫీసు ఒకటి ఉండేదట, బాగా పనిచేయకపోయినా ఉండేదట. ఉన్నవాళ్ళు ఇంట్లోనే లోతుగా బోరు వేసుకున్నారు. నీళ్ళు ఉన్నవాడు ఇక ఆఫీసుకు పోడు కదా. తరవాత జనరేటర్లు కొనుక్కున్నారు, కరెంటాఫీసుకూ పోలేదు. పిల్లలను డబ్బు కట్టే బడికి పంపారు. ఆఖరికి గేటు దగ్గర తుపాకీతో మనిషిని పెట్టుకున్నారు. ఆఫీసుల గడప తొక్కేవాళ్ళు పేదవాళ్ళే మిగిలారు, వాళ్ళ మాట వినేవాడు లేడు.

"ఆ దేశం తుపాకులతోటి, తోపులతోటి కూలిందని పేపర్ల రాస్తరు. తోపులు ఆఖర్న ఒచ్చినయి బిడ్డా. ముందుగాల ఎవని మోటర్ వాడు పెట్టుకున్నడు."

"అంటే గవర్నమెంటు తప్పు లేదంటరు!" అరిచాను. ఎదురింటి ఆంటీ, గుంటూరు వైపు ఆవిడ, బయటికి వచ్చి, "ఏమైందండీ మాస్టారూ, ఎందుకు ఆ అబ్బాయి అలా కేకలేస్తున్నాడు?" అని అడిగింది.

"ఏం లేదమ్మా, దేశం గురించి," అన్నారు సార్. నావైపు తిరిగి, "తప్పు ఎందుకు లేదు? పైపు సన్నగుంది. బస్తీ పెరిగింది, పైపు పెరగలె. అది అడగనీకే పోదాం. తిట్టనీకి ఒక ఆఫీసు ఉండుడు గూడ అదృష్టమే. నువ్వు దానికే తాళమేస్తే ఎవర్ని తిడతవ్? ఏదీ, నీ తాళం ఇటియ్యి," అన్నారు.

ఆ ఇత్తడి తాళాన్ని తీసుకుపోయి తమ మోటరు స్విచ్ పెట్టెకు వేశారు. తాళంచెవి నా చేతిలో పెట్టి, "నేనడిగినా ఇయ్యకు. మేడం అడిగితే అసలే ఇయ్యకు," అన్నారు.

మేడం నిజంగానే అడిగింది. ఎండలు ముదిరి సంపు సగం కూడా నిండని ఒక రోజు కిందికి దిగి వచ్చి, "చెవి ఇయ్యి బిడ్డా. రెండు బిందెలకు నీళ్ళు లేవు. ఈయన షుక్రన్‌తోటి అన్నం ఉడుకుతదా?" అంది. నేను ఇవ్వలేదు. పైనుంచి సార్ నవ్వు వినబడింది. మేడం నన్నూ ఆయన్నూ కలిపి తిట్టింది.

ఆ తరవాత ఎదురింటి ఆంటీ తీసేసింది. "మాస్టారే తీసేశాక మాకేం రోగమండీ," అంది. మెల్లగా మిగతావాళ్ళూ తీసేశారు. మూడంతస్తుల మేడ పెద్దమనిషి మాత్రం తీయలేదు. ఈ వీధి ఉన్న జాగంతా ఒకప్పుడు వాళ్ళ పొలాలే. "మా జాగల మేం నీళ్ళు గుంజుకుంటే నేరమా సారూ?" అన్నాడు.

"మీ నాయన కాలంల చెరువు నీళ్ళు ఎట్ల పారిచ్చేటోళ్ళు పటేలా? కింది మడికి నీళ్ళు పోకుండ మీదోడు కాలువకు అడ్డంగ మడవ కట్టుకుంటే, నీళ్ళు పంచే నీరటోడు ఊకుండెనా?" అని అడిగారు సార్.

ఆయన లోపలికి పోయి గేటు వేసుకున్నాడు. మోటరు మాత్రం తీయలేదు.

సార్ నన్ను నీళ్ళ ఆఫీసుకు తీసుకుపోతూనే ఉన్నారు. ఇస్త్రీ చొక్కా వేసుకొని, పెళ్ళికి పోయినట్టు. "మళ్ళొచ్చినవా సారూ," అని అక్కడి క్లర్కు విసుక్కుంటే, "మీరున్నరు గద, అందుకే ఒచ్చిన," అనేవారు. ఒకసారి నేను టేబుల్ మీద గుద్దాను. "మెల్లగ లీడర్ సాబ్. ఆ టేబుల్ గూడ మనదే," అన్నారు. పెద్ద పైపు ఇంకా రాలేదు. వస్తుందో లేదో తెలియదు. ఆయన చెప్పినవన్నీ నేను ఒప్పుకోను కూడా. ఏళ్ళ తరబడి ఎండిన బిందెకు ఓపిక నేర్పడం న్యాయం కాదని ఇవాళ కూడా అంటాను. కానీ ఎక్కడికి పోయి అనాలో ఆయనే నేర్పారు. కరపత్రాల్లో ఇప్పుడు కింద ఆఫీసు అడ్రసు, పోవాల్సిన టైము అచ్చువేస్తున్నాను. మొన్న చౌరస్తాలో నా చేతిలో ఉన్నవి అవే.

నేను ఇల్లు చేరేసరికి సార్‌ను గేటు ముందు చాప మీద పడుకోబెట్టారు. వీధి వీధంతా అక్కడే ఉంది. మేడం గోడకు ఆనుకొని కూర్చుంది, అమ్మ ఆమె చెయ్యి పట్టుకొని ఉంది. అది నీళ్ళ రోజు. లైన్‌మన్ బండి మీద వచ్చి, అలవాటుగా మా మెట్లవైపు చెయ్యి ఎత్తబోయి, జనాన్ని చూసి ఆగిపోయాడు. పోయి వాల్వ్ తిప్పి వచ్చి, రాడ్ గోడకు ఆనించి, మా వెనక నిలబడ్డాడు.

అప్పుడే మోటరు చప్పుడు వినబడింది. వీధి మొత్తానికి ఒక్కటే. జుయ్యిమని. మూడంతస్తుల మేడ నుంచి. పెద్దమనిషి అక్కడే, సార్ కాళ్ళ దగ్గర నిలబడి ఉన్నాడు. ఎవరూ ఆయనవైపు చూడలేదు. కాసేపటికి ఆయనే జేబులోంచి ఫోన్ తీసి, చెయ్యి అడ్డం పెట్టుకొని, "మోటర్ బంద్ చెయ్యుండ్రి," అన్నాడు. అవతల ఎవరో ఎందుకని అడిగినట్టున్నారు. "బంద్ చెయ్యిమంటున్న గద," అన్నాడు.

చప్పుడు ఆగింది. రేపు మళ్ళీ పెడతాడేమో నాకు తెలియదు.

కొంచెం సేపటికి వీధి చివరనుంచి ఇంకో చప్పుడు వచ్చింది. ఖాళీ బిందెలో నీళ్ళు ధారగా పడే చప్పుడు. బస్తీ పెద్దమ్మ కొంగు ముడిచి లేచింది. "సారుకు తానం మా నల్లా నీళ్ళతోనే పోయుండ్రి," అని ఎవరి అనుమతీ అడగకుండా నడిచింది. వెనక ఇంకో ఇద్దరు. నిండు బిందెలు చంకన పెట్టుకొని వాళ్ళు వస్తుంటే, నీళ్ళు తొణికి, చివరి నల్లా నుంచి మా గేటు దాకా రోడ్డు మీద తడి గీత పడింది.

సార్‌ను తీసుకుపోయేటప్పుడు ఆ తడి మీదనుంచే నడిచాం. అప్పటికింకా ఆరలేదు.