కొరప్పన్ తొడ మీది దీపం

మా కణ్ణూరు పక్కన కళరిలో సాము నేర్చినవాళ్ళను వరసగా నిలబెడితే నా పేరు ముందు వరసలోనే వస్తుంది. నాలుగో తరగతితో బడి మానేసినవాణ్ణే. అయినా తలశ్శేరి మైదానంలో ఇద్దరి కర్రలు ఒక్క దెబ్బకు ఎగరగొట్టిన సంగతి అక్కడివాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. అలాంటి నాకంటే కొరప్పన్ మెరుగు. ఈ మాట నేను ఊరికే రాయను.

కొరప్పన్ నేతగాడు. చీకటితో లేచి కళరికి వచ్చేవాడు, ఆ తర్వాత పొద్దుగూకేదాకా గుంటలో కూర్చుని మగ్గం తొక్కేవాడు. ఎగిరితే పైకప్పు తాటాకులు తన్నేస్తాడేమో అనిపించేది. కాళ్ళు రెండు పక్కలకూ చాపి నేలకు ఆనించే సాధనలో మాత్రం అతని తొడ వణికేది. అందరికీ వణుకుతుంది. అతనికి కాస్త ఎక్కువ.

"వణుకు తొడలో ఉండదురా, గుండెలో ఉంటుంది" అనేవాడు మా గురువు చందు గురుక్కళ్. "పిరికివాడికి కత్తెందుకు? పోయి నూలు కండెలు చుట్టుకో."

గురుక్కళ్ ముసలివాడయ్యాడు. మాలో గురువు పీట అక్క కొడుక్కి వెళ్తుంది. ఆ మేనల్లుడు ఆనందన్ కొలంబోలో టీ అంగడి పెట్టుకుని ఊరు మరిచిపోయాడు. అందుకని గురుక్కళ్ అందరి ముందూ చెప్పాడు: కాళ్ళు చాపి కూర్చున్నవాడి తొడ మీద నిండు దీపం పెడతాను, నూనె ఒలకనివ్వనివాడిదే పీట.

కొరప్పన్ నమ్మాడు. మగ్గం గుంటలోంచి బయటపడటానికి అతనికి వేరే దారి లేదు.

పరీక్ష రోజు తెల్లవారగానే కళరి వెనక అతను తొడ మొదట్లో గుడ్డ బిగించి చుడుతూ కనిపించాడు.

"ఏం పనిరా ఇది?" అన్నాను.

"దీని నోరు కట్టేస్తున్నా."

"కాలు చచ్చిపోద్ది."

"ఇవాళ్టికి చావనీ. రేపు లేపుకుంటా."

పైన కచ్చ కట్టేసరికి గుడ్డ ఎవరికీ కనబడలేదు. వంతు వచ్చేసరికి తొడ మొద్దుబారిపోయింది. దీపం నిశ్చలంగా వెలిగింది. గురుక్కళ్ మొహం మాడిపోయింది. ఎందుకంటే ముందురోజే ఆనందన్ పెట్టె పట్టుకుని దిగాడు.

"ఊఁ, లే. ఆ బంతిని తన్ను" అన్నాడు. పైనుంచి వేలాడే బంతిని ఎగిరి తన్నడం కొరప్పన్‌కు ఆటే. కానీ కాలు అతని మాట వినలేదు. గాల్లోనే తొడ వెనక పడుగు తెగినట్టు చప్పుడైంది. నేలమీద పడ్డాడు.

అతన్ని గోడకు ఆనించి, ఆనందన్‌ను కూర్చోబెట్టారు. టీ కాచిన కాళ్ళు, వణక్కేం చేస్తాయి? నూనె సగం మట్టిలో కలిసింది. గురుక్కళ్ అక్క, ఆనందన్ తల్లి చిరుత లేచి నిలబడి చేతులు జోడించింది.

"భగవతి వచ్చిందిరా తమ్ముడూ. తెయ్యం ఆడేవాడికి దేవత పూనినట్టు ఎట్లా ఊగుతున్నాడో చూడు."

గురుక్కళ్ కూడా చేతులు జోడించాడు. పీట మేనల్లుడిదయింది.

కొరప్పన్‌ను ఆసుపత్రికి మోసింది నేనే. "వణికితే మంచిదేనయ్యా," అన్నాడు డాక్టరు. "అలవాటు లేనంత సాగదీస్తే, తెగిపోకుండా కండ తనను తాను వెనక్కి లాక్కుంటుంది. మీరు లాగుతారు, అది లాక్కుంటుంది. ఆ గుంజులాటే వణుకు. అలిసిపోతే ఇంకా పెరుగుతుంది. దానికి స్పర్శ లేకుండా చేసి ఎగిరితే ఇంకేం కాపాడుతుంది?"

ఆ కాలు మళ్ళీ మగ్గం తొక్కలేదు. కొరప్పన్ ఆడవాళ్ళ మధ్య కూర్చుని కండెలు చుట్టే పనికి కుదిరాడు.

విజయదశమికి కళరిలో నేర్చినవాళ్ళంతా కొత్త గురుక్కళ్ పాదాల దగ్గర తమలపాకులు పెట్టి వంగాలి. నేను వంగను పొమ్మన్నాను. కొరప్పన్ కుంటుకుంటూ వెళ్ళాడు. నేను కళరి వాకిట్లోనే నిలబడి చూశాను. వంగేటప్పుడు ఆ తొడ గజగజ వణికింది.

"ఏం కొరప్పా, నీకూ పూనిందా భగవతి?" అని ఎవరో నవ్వారు.

"నా దగ్గరికెందుకొస్తుంది?" అన్నాడు కొరప్పన్, ఆకులు సర్దిపెడుతూ. "ఆవిడక్కూడా మేనల్లుళ్ళే కావాలి."