రెఫరీ అంకుల్ మింగేసిన ఐదు నిమిషాలు

అంకుల్ పోయారన్న కబురు ఒక మంగళవారం పొద్దున, స్విండన్‌లో మా ఆఫీసు కార్ పార్క్‌లో ఉండగా తెలిసింది. వాళ్ళమ్మాయి ఫోన్ గ్రూపులో ఇంగ్లీషులో రెండే లైన్లు పెట్టింది. డాడ్ ఈ ఉదయం వెళ్ళిపోయారని, ఫ్యూనరల్ ఎప్పుడన్నది తర్వాత చెబుతానని. ఆ గ్రూపు పేరు 'ఐదు నిమిషాలు'. పెట్టింది అంకులే. ఆ రెండు లైన్లూ నాలుగుసార్లు చదువుకుని కారులోనే కూర్చుండిపోయాను. ఏడుపు రాలేదు. సిగ్గేసింది. ఎందుకో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో రెండు యూనివర్సిటీలున్నాయి. ఒకటి కొండెక్కే దారిలో, ఇంకొకటి రైల్వే స్టేషన్ దగ్గర. ఏటా వాటి మధ్య జరిగే ఆటల పోటీలప్పుడు స్టూడెంట్లంతా రెండు జట్లుగా చీలిపోయి ట్రాముల్లో ఒకరి మీద ఒకరు పాటలు కట్టి పాడుకుంటారు. మాస్టర్స్‌కు వచ్చిన మనవాళ్ళకూ ఆ జబ్బు త్వరగానే అంటుకుంది. నాకంటే నాలుగు బ్యాచ్‌ల ముందు, చిప్స్ అమ్మే ఒక టేకవే కొట్టు క్యూలో, ఎవరి డిగ్రీకి విలువెక్కువన్న దగ్గర మాటా మాటా పెరిగి తెలుగువాళ్ళే కాలర్లు పట్టుకునేదాకా వచ్చారట. వెనక ఒక పెద్దాయన, నర్సు యూనిఫాం మీద కోటు వేసుకుని, తన చిప్స్ కోసం నిలబడి ఉన్నారు. "తేల్చుకోవాలంటే బంతి తెచ్చుకోండయ్యా. శనివారం నాకు డ్యూటీ లేదు," అన్నారట.

ఆయనే మా రెఫరీ అంకుల్. ఒంగోలు వైపు మనిషి. షెఫీల్డ్ పెద్దాసుపత్రిలో నర్సు. మిషన్ హాస్టల్లో చదువుకునే రోజుల్లో ఫుట్‌బాల్‌లో లెఫ్ట్ బ్యాక్ ఆడేవారు. ఆదివారం చర్చి, మిగతా రోజులు డ్యూటీ రోటా ఎటు తోస్తే అటు. అప్పటి నుంచి ఏటా జరిగే మా మ్యాచ్ కోసం ఫిబ్రవరిలో ఒక శనివారం మాత్రం ఎవరు పోట్లాడినా వదలకుండా ఏడాది ముందే లీవు రాయించుకునేవారు.

వచ్చిన చిక్కల్లా మాకు ఫుట్‌బాల్ రాకపోవడం. మేమంతా క్రికెట్‌వాళ్ళం. ఫిబ్రవరిలో షెఫీల్డ్‌లో క్రికెట్ అంటే నవ్వుతారు కాబట్టి, కౌన్సిల్ వాళ్ళ ఫుట్‌బాల్ గ్రౌండ్ ఒక్కటే దొరికింది కాబట్టి ఇందులో పడ్డాం. మొదటి ఏడు బంతి ఎవరి చేతికి తగిలినా పదకొండుమందీ అంకుల్ వైపు తిరిగి, రెండు చేతులూ పైకెత్తి, కీపర్ క్యాచ్ పట్టినట్టు అప్పీలు చేసేవారట. ఆయన అరగంట ఓపిక పట్టి, ఆట ఆపి, కొత్త రూలు పెట్టారు. "ఇక్కడెవరూ అడగరు. నేను చూస్తే ఇస్తాను, చూడకపోతే ఇవ్వను. అప్పీలు చేస్తే ఫౌలు." ప్రపంచంలో ఇంకెక్కడా లేని ఈ ఫౌలు మా మ్యాచ్‌లో ఇప్పటికీ ఉంది.

ఎవరైనా కింద పడి కాలు పట్టుకుంటే ఆయన నింపాదిగా నడిచి వచ్చి వంగి, వార్డులో పేషెంట్లను అడిగినట్టే అడిగేవారు.

"నొప్పి పదికి ఎంత?"

"పది, అంకుల్."

"పదైతే నోట మాట రాదు. లే."

మూడో నాలుగో అన్నవాణ్ణి మాత్రం పక్కకు తీసుకెళ్ళి కూర్చోబెట్టి, బూటు విప్పించి, చీలమండ అంతా వేళ్ళతో తడిమి చూసేవారు. తక్కువ చెప్పేవాళ్ళతోనే భయమనేవారు. హాఫ్ టైంలో ఆంటీ బత్తాయి ముక్కలు, ఫ్లాస్కులో అల్లం టీ తెచ్చేది. రెండు జట్లకూ ఒకే డబ్బా. గెలుస్తున్నవాళ్ళు ముందు తీసుకోకూడదు.

ఇంకొక ఆచారం ఉంది. అంకుల్ దగ్గర ఒక లాంగ్ నోట్‌బుక్ ఉండేది. ఏ ఏడు ఎవరు గెలిచారు, గోల్స్ ఎవరు కొట్టారు, వానా మంచా, ఎవరి కాలు బెణికింది, అన్నీ అందులో గుండ్రటి అక్షరాలతో రాసేవారు. మ్యాచ్ మొదలయ్యే ముందు, కిందటేడు ఓడిన జట్టు కెప్టెన్ మధ్య గీత మీద నిలబడి ఆ చరిత్రంతా మొదటి పేజీ నుంచి గట్టిగా చదవాలి. తన ఓటమి దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గితే, "వినపడలా," అనేవారు అంకుల్. మంచులో నారింజ రంగు బంతితో ఆడిన ఏడాది, స్టేషన్ వైపు జట్టుకు మనుషులు చాలక కడప నుంచి వచ్చిన ఫార్మసీ అమ్మాయి గోల్‌లో నిలబడి మూడు పెనాల్టీలు ఆపిన ఏడాది, ఇవన్నీ నేను చూడకపోయినా కంఠతా వచ్చు.

నా ఏడాది సంగతికొస్తాను. నేను కొండ మీది జట్టు కెప్టెన్‌ని. స్టేషన్ వైపు కెప్టెన్ నరేశ్, వరంగల్ వాడు. రెండు ఒకటితో వాళ్ళు ముందున్నారు. మేము గోల్ మీదికి ఎగబడుతున్నాం. అంతలో అంకుల్ విజిల్ ఊదేశారు. నాకు టైం మిగిలి ఉందనిపించింది, కానీ అడిగితే ఫౌలు. నరేశ్ జట్టు గ్రౌండంతా పరుగులు పెట్టింది. లీవు రోజైనా అంకుల్ ఆ సాయంత్రం డ్యూటీ ఒకటి ఒప్పుకుని ఉండటంతో బస్సెక్కి ఆసుపత్రికి వెళ్ళిపోయారు.

రెండు గంటల తర్వాత నాకూ నరేశ్‌కూ కలిపి ఫోన్ చేశారు. వార్డు స్టాఫ్ రూమ్ నుంచి, బ్రేకులో.

"తప్పు నాదయ్యా. మీ ఆటలో ఐదు నిమిషాలు మింగేశాను."

డ్యూటీకి ఎన్నడూ ఆలస్యం కాకూడదని ఆయన చేతి వాచీ ఐదు నిమిషాలు ముందు పెట్టుకునేవారు. రెండో సగం మొదలైనప్పుడు ఫోన్‌లో టైం చూసుకున్నారు. వాన మొదలయ్యేసరికి ఫోన్ ఆంటీ చేతికిచ్చి, చివరి విజిల్ మాత్రం వాచీ చూసి ఊదారు. వార్డు గోడ గడియారం కింద నిలబడి వాచీ చూసుకున్నప్పుడుగానీ ఆయనకు తట్టలేదు.

"అయిపోయింది గద అంకుల్. ఐదు నిమిషాలల్ల ఏమైతది? వీళ్ళు కొడ్తుండెనా?" అన్నాడు నరేశ్.

"నువ్వు గెలిచావో లేదో నాకు తెలియదు అబ్బాయ్. నాకు తెలియంది నేను రాయను."

ఆ ఏడాది పేజీలో 'గెలుపు' అని రాసినచోట వైట్‌నర్ పూసి, దాని మీద 'పూర్తి కాలేదు' అని రాశారు. ఆ ఐదు నిమిషాలూ ఆ రోజు ఆడినవాళ్ళే ఆడాలి, ఒక్కో వైపు కనీసం ఏడుగురు ఉండాలి. ఏడుగురు లేకపోతే ఫుట్‌బాల్ మ్యాచే కాదని రూలు. నరేశ్ నెల రోజులు ఆయనతో మాట్లాడలేదు. నాకు లోపల సంబరంగానే ఉంది.

ఆ తర్వాత పరీక్షలన్నారు, డిసర్టేషన్లన్నారు, వీసాలన్నారు. నేను స్విండన్, నరేశ్ నార్తాంప్టన్, మిగతావాళ్ళు దొరికిన ఉద్యోగాన్ని బట్టి తలో ఊరు. నలుగురు ఇండియా వెళ్ళిపోయారు. ఏటా జనవరిలో అంకుల్ గ్రూపులో ఒకటే మెసేజ్ పెట్టేవారు. 'ఐదు నిమిషాల వాళ్ళు ఎవరెవరు వస్తున్నారు?' మావైపు ఒకసారి ఐదుగురం, ఒకసారి ఆరుగురం. ఒక్కడి కోసం చూసీ చూడనట్టు వదిలెయ్యమని బతిమాలినా వినలేదు. "తప్పు చేసింది నేను. దాన్ని ఇంకో తప్పుతో సర్దమంటావా?" అన్నారు. కొత్త పిల్లలు చరిత్ర చదువుతూ ఆ ఏడాది దగ్గరికి వచ్చి, 'పూర్తి కాలేదు' అని చదివి, ముందుకు పోయేవాళ్ళు.

ఇక నా సిగ్గు సంగతి. కిందటేడు నరేశ్ వైపు ఏడుగురూ వచ్చారు. మావైపు ఆరుగురు వచ్చారు. ఏడోవాణ్ణి నేను. పొద్దున్నే అంకుల్ ఫోన్ చేశారు.

"బయల్దేరావా అబ్బాయ్?"

"ఆఫీసులో పని పడింది అంకుల్. శనివారమైనా రావాల్సొచ్చింది."

అబద్ధం. నేను మంచం మీదున్నాను. బయట చలి. ఐదు నిమిషాల ఆట కోసం మూడు గంటలు కారు నడపడం ఏమిటనిపించింది. "సర్లే. ఉద్యోగం ముందు. వచ్చే ఏడు చూద్దాం," అన్నారాయన. గొంతు బలహీనంగా ఉందని గమనించాను, ఏమైందని అడగలేదు. అప్పటికే ఆయనకు వైద్యం జరుగుతోంది. మాలో ఎవరికీ చెప్పలేదు. ఆ మనిషితో ఆడిన అబద్ధం నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వడం లేదు.

ఈ దేశంలో అంత్యక్రియలకు రెండు మూడు వారాలు పడుతుంది. అంకుల్‌వి శుక్రవారానికి కుదిరాయి. ఆ మర్నాడే మ్యాచ్ శనివారం. ఆ తేదీ చూడగానే నాకు ఒకటి ఖాయమైపోయింది. ఆ సాయంత్రం నుంచే వరసగా ఫోన్లు మొదలుపెట్టాను. చావుకు వస్తున్నవాళ్ళను ఆట ఆడమని అడగడమేంటని ఒకడు కోప్పడ్డాడు. కోప్పడనిచ్చి, మర్నాడు మళ్ళీ చేశాను. నరేశ్‌కు చేస్తే, "నా దిక్కు ఏడుగురిని నేను తెస్త. నువ్వు రా, చాలు," అన్నాడు. ఆ మాట పడాల్సిందే, పడ్డాను. మావైపు ఏడోవాడు దొరకడమే కష్టమైంది. చివరికి లీడ్స్‌లో ఉన్న ఫణి మిగిలాడు. వాడికి మోకాలి ఆపరేషన్ అయి రెండు నెలలు. డాక్టర్ ఆట వద్దన్నాడట. "గోల్‌లో నిలబడు. బంతి వస్తే వదిలెయ్. మనిషివి కనపడితే చాలు," అన్నాను. వస్తానన్నాడు.

శుక్రవారం చర్చి నిండిపోయింది. వార్డు వాళ్ళు యూనిఫాంలతోనే వచ్చారు. బయట టీ తాగుతుండగా ఆంటీ నా చెయ్యి పట్టుకుంది. "చివర్లో నర్సులు నొప్పి పదికి ఎంత అనడిగితే నాలుగనేవాడయ్యా. మూడో నాలుగో అన్నవాణ్ణి నమ్మొద్దని వాళ్ళకి నేర్పింది ఈయనే. వాళ్ళు నవ్వి మందు పెంచేవాళ్ళు." కప్పు పక్కన పెట్టి, "రేపు ఆడతారంటగా? బత్తాయిలు కోసి తెస్తాను," అంది. కిందటేడు అబద్ధం చెప్పానని ఆమె దగ్గర ఒప్పేసుకున్నాను. "ఆయనకి తెలుసులే," అంది. ఎలా తెలుసో చెప్పలేదు, అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

శనివారం సన్నటి చినుకు. మేము పద్నాలుగుమందిమి, పొట్టలు పట్టని జెర్సీల్లో. అవతల గ్రౌండ్ అంచున టచ్‌లైన్ మీద ఈ ఏటి పిల్లలు తమ మ్యాచ్ కోసం చలికి గెంతుతూ మమ్మల్ని చూసి నవ్వుకుంటున్నారు. రెఫరీ ఎవరన్న ప్రశ్న వచ్చింది. అంకుల్ వాళ్ళమ్మాయి ఇక్కడే పుట్టింది, తెలుగు అంతా అర్థమవుతుంది, మాట మాత్రం షెఫీల్డ్ ఇంగ్లీషే.

"చెల్లె, నువ్వే ఊదాలె," అన్నాడు నరేశ్.

ఆ పిల్ల మా అందరి ముఖాలూ ఒకసారి చూసింది. "రైట్. ఫైవ్ మినిట్స్. నో అప్పీలింగ్," అని విజిల్ వేసింది.

ఇంతకంటే పొడుగైన ఐదు నిమిషాలు నేనెరగను. మొదటి నిమిషానికే ఊపిరి అందలేదు. నరేశ్ నన్ను వదలకుండా అంటిపెట్టుకున్నాడు. మా ఫణి వదిలెయ్యమన్న బంతిని వదలకుండా ఒంటికాలి మీద పడి ఆపాడు, డాక్టర్ చూస్తే ఏమనేవాడో. చివరికొచ్చేసరికి బంతి నా కాళ్ళ దగ్గరికి వచ్చింది. ఎదురుగా గోల్, మధ్యలో కీపర్ ఒక్కడే. కొడితే రెండు రెండు. ఉన్న బలమంతా పెట్టి కొట్టాను. బంతి పోస్టుకు అరచెయ్యి దూరంలోంచి బయటికి పోయింది. ఆ పిల్ల టైం చూసి, ఒక్క క్షణం కూడా అటూ ఇటూ కాకుండా విజిల్ ఊదింది.

రెండు ఒకటి. నరేశ్ అన్నేళ్ళ కిందటే గెలిచాడు. వాడు అరవలేదు, పరుగెత్తలేదు, నా పక్కన మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని రొప్పుతూ నిలబడ్డాడు. ఆ పిల్ల నోట్‌బుక్ తీసి, వైట్‌నర్ పూసిన చోటికి కింద ఆ స్కోరు వేసి, ఆరాలని పేజీ మీద ఊదింది. నాకప్పుడు ఏడుపొచ్చింది. ఎవరూ నన్ను పట్టించుకోలేదు, ఎవరి ఏడుపు వాళ్ళకుంది.

నేను కొట్టిన బంతి మాత్రం ఆగలేదు. గోల్ వెనక నేల వాలుగా ఉంది. తడి గడ్డి మీద జారుకుంటూ కింద రోడ్డు వైపు పోతోంది.

"అన్నా, ఆ బంతి తెండి. మా మ్యాచ్ లేటవుతోంది," అని టచ్‌లైన్ నుంచి పిల్లలు కేకేశారు.

అందరం ఒక్కసారే కదిలాం. నరేశ్ నాకంటే రెండడుగులు ముందున్నాడు. నేను వేగం పెంచాను.