మల్లన్న తోటలో తెల్లమచ్చ తెగులు

నేనొక కొత్త మొక్కల తెగులును కనిపెట్టాను. పుస్తకాల్లో వెతక్కండి, దొరకదు. అదెంత ఘోరంగా ముగిసిందో చెప్తాను, హాయిగా నవ్వుకోండి. మా ప్రొఫెసర్ నవ్విన నవ్వు ముందు మీదెంత?

అరవైల్లో మాట. హైదరాబాదులో వ్యవసాయం చదువుతూ, మిరప తెగుళ్ల పరిశోధనకని ఇచ్చోడ పక్కన ఒక పల్లెలో దిగాను. ముసురు పట్టిన రోజులు. మల్లన్న అనే రైతు తోటలో అడుగుపెట్టగానే నా గుండె ఎగిరి గంతేసింది. ఆకుల మీద తెల్లటి మచ్చలు. నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేనివి! చేత్తో ముట్టుకుంటే నమూనా పాడవుతుందని మాకు నూరిపోశారు కదా, పట్టకారుతో ఆకు తుంచి భూతద్దంలో కన్నార్పకుండా చూశాను.

"మల్లన్నా, నీ తోట మస్తు ఏపుగున్నదే" అన్నాను, మంచి చేసుకుందామని.

మల్లన్న ముఖం వాడిపోయింది. "జర తక్కువ చూడుండ్రి సారూ" అన్నాడు.

పాపం, మొహమాటస్తుడనుకున్నాను. మర్నాడు వెళ్తే మచ్చలు పెరిగాయి. మళ్లీ చూశాను, మళ్లీ మెచ్చుకున్నాను. ఆ మర్నాడు ఇంకా పెరిగాయి. ఇంత వేగంగా పాకే తెగులు లోకంలో ఉందా? సంతోషంతో నాకు అన్నం సహించలేదు. ఇది కొత్త రకం బూజేనని తేల్చేసి, నా పేరుకు లాటిన్ తోక తగిలించి దానికి నామకరణం కూడా చేసేశాను. వెంటనే రమ్మని ప్రొఫెసర్‌గారికి తంతి కొట్టాను.

"పక్క చేన్లకు అంటకముందే తోటంత పీకి కాలవెట్టాలె మల్లన్నా. మా సారు సరే అంటే రేపే."

మల్లన్న గట్టు మీద కూలబడ్డాడు. "ఇల్లంత గీ మిర్ప మీదనే బతుకుతున్నది సారూ. పీకినంక మేం ఏం తినాలె?"

నిజంగానే జాలేసింది. కానీ విజ్ఞానం త్యాగం కోరుతుంది కదండీ. త్యాగం మల్లన్నది, పేరు నాది.

ప్రొఫెసర్‌గారు బురదలో పడుతూ లేస్తూ వచ్చారు. పట్టకారు అందించబోయాను. ఆయన ఆకు తెంపి బొటనవేలితో రుద్దారు. నా తెగులు ఆయన వేలికి అంటుకుని వచ్చేసింది.

"సున్నమయ్యా ఇది" అని తల పైకెత్తారు.

నేనూ ఎత్తాను, అన్నాళ్లకు మొదటిసారి. తోట నడుమ కర్రకు బోర్లించిన దిష్టికుండ. మా కరీంనగర్ తోటల్లోనూ ఉండేదే. దాని మీది సున్నం చుక్కలు ముసురుకు కరిగి, గాలికి ఆకుల మీద చిందుతున్నాయి.

"సున్నం ఎప్పుడు పెట్టావు?" ప్రొఫెసర్‌గారు అడిగారు.

"పొద్దుగాల సారూ. దినాం పెడుతున్న."

"రోజూ ఎందుకయ్యా?"

మల్లన్న నావైపోసారి చూసి తల దించుకున్నాడు. "ఏం జెయ్యాలె సారూ. గీ సారు దినాం వచ్చి ఆకు ఆకును కండ్లు పెద్దగ జేసి చూస్తుండు. మస్తుగున్నది, మస్తుగున్నది అంటుండు. దిష్టి తాకదా? ఆయన చూసినకొద్ది నేను సున్నం పెడుతనే ఉన్న."

ప్రొఫెసర్‌గారు గట్టు మీద కూర్చుని, కళ్లద్దాలు తీసి తుడుచుకునేదాకా నవ్వారు.

"తోట పీకక్కర్లేదు మల్లన్నా" అన్నారు చివరికి. "తెగులుకు కారకం దొరికింది. సాయంత్రం బస్సులో నాతో తీసుకుపోతాను."

మల్లన్న రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. నేను ఆ బురదలోనే, నా బూజు సాక్షిగా ప్రమాణం చేశాను: ఇకమీద ఏ రైతు తోట ఎంత పచ్చగా కళకళలాడినా సరే, ముక్కు మూసుకుని, "ఛీ, ఇదీ ఒక పంటేనా" అనే అంటాను.