వోల్గా కింద నేల

కొండల నడుమ ఉన్న కొచ్కోర్ ఊళ్లో ఎవరింట పెళ్లి జరిగినా కొత్త పెళ్లికూతురు తెమిర్‌కుల్ వోల్గా కారులోనే అత్తారింటి గడప ముందు దిగాలి. ముక్కు మీద ఎగిరే జింక బొమ్మ ఉన్న ఆ తెల్లకారు, గొర్రెల మందలు బాగా పెంచినందుకు తెమిర్‌కుల్ తండ్రికి సోవియట్ రోజుల్లో బహుమతిగా దక్కింది. తండ్రి పోయాక దాని మీద ఇంకో చెయ్యి పడలేదు. కడిగినా, విప్పినా, బిగించినా తెమిర్‌కులే.

ఆ ఇంటి చిన్న కోడలు జిపార్ కూడా అందులోనే వచ్చింది. వచ్చిన మర్నాటి నుంచి చీపురు ఆమె చేతికొచ్చింది. ఇంట్లో ఎవరూ లేవకముందే వాకిలి ఊడ్చెయ్యాలి. మామగారు గడప దాటేసరికి నేల మీద గడ్డిపోచ కనపడితే అది కోడలి పుట్టింటికి మచ్చ. పెళ్లికి ముందు జిపార్ పుట్టినూరు నరీన్‌లో బడిపిల్లలకు రసాయనశాస్త్రం చెప్పేది. ఇప్పుడు పొద్దున ఊడుపు, పగలు రొట్టె, పాలు, టీ. మామగారి ముందు గొంతు పెంచకూడదు, అడగనిదే మాట్లాడకూడదు, ఆయన పేరు పలకకూడదు. ఆ పేరులోని 'తెమిర్' అంటే ఇనుము కాబట్టి అత్తగారు సయ్‌రా లెక్క ప్రకారం ఇనుము అన్న మాట కూడా కూడదు. ఒకప్పుడు తరగతిలో ఇనుము తుప్పు పట్టే తీరు పాఠంగా చెప్పినావిడ, ఇంట్లో మేకును చూపించి "ఆ గట్టిది" అనేది.

ఇవన్నీ ఆమె ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది ఒక్కటే. ఒడిలోని కొడుకు అక్తాన్ ఏడ్చినప్పుడు వాడి పెదవులు నీలంగా తిరగడం. పుడుతూనే గుండెలో చిల్లు అన్నారు. వాడు నిద్రపోతే రొమ్ము మీద అరచెయ్యి ఆనించి ఊపిరి చూసుకునేది. ఆడుతోందని తెలిసినా చెయ్యి తీయబుద్ధి అయ్యేది కాదు. పైదేశపు డాక్టర్లు రాజధాని బిష్కెక్ వస్తున్నారని, శుక్రవారం మధ్యాహ్నం దాకా పిల్లల్ని చూస్తారని కబురు వచ్చింది. చూసి సరేనంటే వెంటనే ఆపరేషన్. వాళ్లు మళ్లీ ఎప్పుడొస్తారో తెలియదు.

మనవడి ప్రయాణమంటే మాటలా? తెమిర్‌కుల్ ముందువారమే కారు ఆయిల్ మార్చడానికి పూనుకున్నాడు. ఎన్నేళ్లుగానో పోసే చిక్కటి చవక ఆయిల్ ఈసారి వద్దనుకున్నాడు. జిపార్ అన్న ఎల్దియార్ మేనల్లుణ్ణి చూడ్డానికి వస్తూ అల్మాటీ నుంచి మెరిసే డబ్బాలో కొత్తరకం ఆయిల్ తెచ్చాడు. వియ్యాలవారి కానుక మూల పెడితే మొహం మీద కొట్టినట్టే. అది ఒంటి మీదో, బల్ల మీదో, బండిలోనో కనిపించి తీరాలి.

వాకిట్లో పాత ఉన్ని నమదా పరిచి తెమిర్‌కుల్ కారు కిందికి దూరాడు. పక్కింటి జోల్దోష్ గొంతుక్కూర్చుని కబుర్లు మొదలెట్టాడు.

"వియ్యంకుల నూనె కదరా, రొట్టెకి రాసుకు తినక ఇంజన్‌కెందుకు?"

"నీ డొక్కు మాస్క్విచ్ కారుకి మాడు నూనె కూడా దండగే గానీ, ఆ రెంచీ ఇటియ్యి."

"నా మాస్క్విచ్ నా పెళ్లాంలాంటిదిలే. అరుస్తది గానీ ఆగదు. నీది మీ నాన్నలాంటిది. పలకదు. ఒక్కసారే పడుద్ది."

"మా నాన్న జోలికొచ్చావంటే ఈ పాత ఆయిల్ నీ నెత్తినే పోస్తా."

పాత ఆయిల్ తారులా సాగుతూ పళ్లెంలోకి దిగింది. కొత్తది పోస్తుంటే తేనె రంగులో, నీళ్లంత పలుచగా జారింది. "చూడు, అద్దంలా ఉంది!" అని తెమిర్‌కుల్ మురిసిపోయాడు.

టీ తెచ్చిన జిపార్ డబ్బా మీది అక్షరాలు చదివింది. ఆ నూనెలో మురికిని కడిగే మందు ఉంది. కొత్త ఇంజన్‌కది మంచిదే. కానీ ఈ ఇంజన్ వెనక వైపు ఆయిల్ కారకుండా ఆపాల్సింది ఎప్పటిదో అరిగిపోయిన తాడు చుట్ట. తాడు ఆపడం మానేసి ఎన్నాళ్లయిందో! దాని సందుల్లో మేటవేసిన మడ్డే గోడ పగుళ్లలో సున్నంలా ఆపుతోంది. సున్నం కడిగేస్తే గోడ కారదా?

భర్త ఎర్మెక్ కంకర లారీ దిగి రాగానే చెప్పింది.

"మీ అన్న తెచ్చిందేగా?"

"అన్న తప్పు కాదు. నూనె తప్పూ కాదు. బండి పాతది."

"మా నాన్నతో అనమంటావా ఆ మాట? వియ్యాలవారి కానుక పనికిరాదు, నీ బండి ముసలిది అని? బాగుంది. నువ్వే వెళ్లి చెప్పు."

అది ఆమె వల్ల కాదని ఇద్దరికీ తెలుసు. అత్తగారి చెవిన వేసింది. సయ్‌రా పిండి పిసుకుతూ తల ఎత్తలేదు. "పుట్టింటి కానుకని పుట్టింటి పిల్లే తీసిపారేస్తే ఊరు ఏమంటది? నోరు కట్టేసుకో, తల్లీ."

మూడో పొద్దుకి కారు కింద అరచేతంత నల్లమరక కనిపించింది. చీపురు పట్టుకుని జిపార్ అలాగే నిలబడిపోయింది. వెనక నుంచి సయ్‌రా వచ్చి చూసింది.

"పొయ్యిలో బూడిద తెచ్చి చల్లు. ఆయన లేవకముందే ఎత్తెయ్యి."

"ఆపా," అని అత్తగారిని బతిమాలింది, "చూడనివ్వండి. చూస్తేనే గదా తెలిసేది?"

"ఏం తెలిసేది? మీ అన్న నూనె కారిందనా? జోల్దోష్ నోట పడితే సాయంత్రానికి నరీన్ దాకా పాకుద్ది. మీ అమ్మ మొహం ఎక్కడ పెట్టుకుంటది?"

అన్న మొహం జిపార్ కళ్లముందు మెదిలింది. ఆ డబ్బాని అల్మాటీ నుంచి పసిపిల్లలా ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. బూడిద చల్లింది, నల్లగా పీల్చుకోనిచ్చింది, ఊడ్చి గొర్రెల దొడ్డి వెనక పారబోసింది.

కాసేపటికి తెమిర్‌కుల్ రబ్బరు జోళ్లు ఈడ్చుకుంటూ వచ్చి, మోకాలి మీద చెయ్యేసి వంగి కారు కిందికి చూశాడు. ఏళ్ల అలవాటు అది. ఇంజన్‌లో ఆయిల్ ఎంతుందో చూపే కొలపుల్ల బయటికి తీయడం ఆయనకు నామోషీ. బండి చెప్పాల్సిందేదో నేల మీద చెబుతుందని తండ్రి నేర్పాడు.

"పొడిగా ఉంది. మంచి నూనెరా ఇది!" అని అందరికీ వినపడేలా అన్నాడు.

ఆ రోజు నుంచి రోజూ అదే వరస. మరక పెరిగేది, బూడిద పెరిగేది, "పొడిగా ఉంది" అన్న మాట పెరిగేది. మింగలేక కక్కలేక జిపార్ ఓ ఉపాయం చేసింది. కొలపుల్ల తుడిచే గుడ్డ ఉతికి, ఇంజన్ మూత మీద కనపడేలా పెట్టింది. చూస్తే గుర్తొస్తుందేమోనని. తెమిర్‌కుల్ ఆ గుడ్డతో జింకబొమ్మను తళతళలాడేలా తుడిచి, "కోడలికి బండంటే ఎంత ప్రేమో!" అన్నాడు.

గురువారమే బాడుగ కారులో వెళ్లిపోదామని ఆమె ఎర్మెక్‌ని పోరింది. ఆ మాట ఎలాగో తండ్రి చెవిన పడింది.

"నా మనవడు బాడుగ కార్లో, పరాయి మనుషుల మోకాళ్ల మధ్య పోవాలా? వాకిట్లో వోల్గా పెట్టుకుని? గురువారం కాసిమ్ గారింట పెళ్లి. ఆడపిల్లని దింపొస్తాను. శుక్రవారం తెల్లారకుండా బయల్దేరితే డాక్టర్లు టీ తాగేసరికి గుమ్మంలో ఉంటాం."

గురువారమంతా వోల్గా రిబ్బన్లు కట్టుకుని ఊరంతా తిరిగింది. వేడెక్కిన కొద్దీ ఎక్కువ కారుతుందని జిపార్‌కు తెలుసు. సాయంత్రం ఎర్మెక్ చెయ్యి పట్టుకుంది.

"ఒక్కసారి కొలపుల్ల తీసి చూడవూ? మీ నాన్నకి తెలియకుండా. వాడి కోసం."

"చూస్తాలేవే." పెళ్లిలో పోయించుకున్న వోడ్కా వాసనతో అలాగే పక్క మీద ఒరిగాడు. చూడలేదు.

శుక్రవారం చీకటితో లేచింది. మరక రొట్టెల పళ్లెమంత ఉంది. ఈ ఒక్కరోజు ఊడవకూడదనుకుంది. బూడిద బకెట్ కింద పెట్టేసింది. కిటికీలోంచి సయ్‌రా గుసగుసగా కేకేసింది.

"పసివాడి ప్రయాణం రోజున బండి కింద ఆ నలుపేంటే? అపశకునం! ఎత్తెయ్యి!"

తల్లి కడుపులో భయముంటే శకునాలకూ విలువొస్తుంది. చదువుకున్నదే అయినా ఆమె చెయ్యి బూడిదలోకి పోయింది. తెమిర్‌కుల్ వచ్చాడు, వంగాడు, "పొడిగా ఉంది" అన్నాడు. బిస్మిల్లా అని బండి కదిలించాడు.

బూమ్ లోయలోకి దిగేదాకా బాగానే నడిచింది. ఎడమన ఏరు హోరు, కుడిన ఎర్రటి కొండలు. అక్తాన్ తల్లి రొమ్ము మీద నిద్రపోతున్నాడు. వెనక సీట్లోంచి జిపార్ కళ్లు ముందున్న ఆయిల్ ముల్లు మీదే ఉన్నాయి. ఎక్కుడు వచ్చింది. ముల్లు వణికి, కిందికి వాలి, అక్కడే పడుకుంది. పెళ్లైన నాటి నుంచి అడగని మాట మామగారితో ఆమె ఆడలేదు. ఇప్పుడు ఆడింది.

"ఆతా, ముల్లు పడిపోయింది. బండి ఆపండి."

ఎర్మెక్ తుళ్లిపడి వెనక్కి చూశాడు. తెమిర్‌కుల్ అద్దంలోంచి చూశాడు. కోపంగా కూడా కాదు. మేక మాట్లాడితే చూసినట్టు.

"ఆ ముల్లెప్పుడూ అంతేనమ్మా. ముసలిది." వేలితో రెండుసార్లు ముల్లు మీది గాజు మీద కొట్టాడు.

"ఆయిల్ లేదు ఆతా! ఆపండి!"

"కింద పొడిగా ఉంటే పైన ఎందుకుండదే?"

ఇంకో మలుపు తిరిగేసరికి లోపల ఎవరో సుత్తితో కొడుతున్నట్టు చప్పుడు. తర్వాత ఒక్క పెద్ద కుదుపు. తర్వాత ఏటి హోరు ఒక్కటే.

"చల్లారనిద్దాం. లేస్తుంది," అన్నాడు తెమిర్‌కుల్. వ్యాన్లు పోతున్నాయి. జిపార్ రోడ్డు మీదికి వచ్చి చెయ్యెత్తబోతే ఎర్మెక్ ఆపాడు. "నాన్న ఇంకా ఏమీ అనలేదు. ఆగు." పెద్దవాడు సరే అనకుండా ఎవరూ బండి వదలడానికి లేదు. ఉల్లిపాయల లారీ డ్రైవర్ ఒకడు ఆగి, కొలపుల్ల తీసి చూసి ఈల వేశాడు. "పెద్దాయనా, ఇందులో చుక్క లేదే! గాలితో నడిపావా ఇంతదూరం?" తన డబ్బాలో ఉన్న ఆయిల్ పోశాడు. కానీ బిగుసుకుపోయిన ఇంజన్ కదల్లేదు. పిల్లాడు లేచి ఏడ్చాడు. పెదవులు నీలమయ్యాయి. అప్పుడే తెమిర్‌కుల్ తల వంచుకుని, "పొండి," అన్నాడు.

వాళ్లు ఆసుపత్రి చేరేసరికి వసారా కడుగుతున్నారు. తడి గచ్చు మీద నిలబడ్డ జిపార్‌తో నర్సు జాలిగానే చెప్పింది. "ఇంతకుముందే విమానానికి బయల్దేరారు, చెల్లీ. పైయేడు వస్తే రావచ్చు. అప్పటిదాకా బాబుని ఏడవనివ్వకు."

వోల్గాని లారీ మీద ఇంటికి తెచ్చారు. మర్నాడు బంధువులు వచ్చారు. చావింటికొచ్చినట్టు రొట్టెలు పట్టుకుని వచ్చారు. పిల్లాడి కోసం కాదు, బండి కోసం. జిపార్ మర్యాద ప్రకారం కప్పులు సగం సగమే నింపి అందిస్తోంది.

"రోజూ వంగి చూశానురా," అన్నాడు తెమిర్‌కుల్, జోల్దోష్‌తో. "కడిగిన పళ్లెంలా ఉండేది నేల. నాకెట్లా తెలుస్తది?"

జిపార్ కెటిల్ కింద పెట్టింది.

"నేల పొడిగా లేదు ఆతా. రోజూ కారింది. నేనే బూడిద పోసి ఊడ్చాను."

సయ్‌రా మొహం పాలిపోయింది. అప్పుడు జోల్దోష్ తల ఆడించి, కళ్లు తుడుచుకున్నాడు.

"చూశావట్రా తెమిర్‌కుల్? అన్న పరువు పోకుండా తప్పంతా తన మీదేసుకుంటోంది. ఇలాంటి కోడలు ఊళ్లో ఇంకొకతె ఉందా?"

"లేదు, నిజం. నేను..."

"ఊరుకో తల్లీ, బిడ్డ బెంగతో ఉన్నావు," అంది ఓ ముసలామె, వెన్ను నిమురుతూ. అందరూ ఆమెను దీవించారు. టీ మళ్లీ తెమ్మన్నారు.

తెల్లారి జిపార్ వాకిలంతా ఊడ్చింది. ఉల్లిపాయల లారీవాడు పోసిన ఆయిల్ రాత్రికి రాత్రి కారి, వోల్గా కింద పెద్ద నల్లటి మడుగు కట్టింది. దాని చుట్టూ ఊడ్చి, దాన్ని అలాగే వదిలేసి, చీపురు గోడకానించి లోపలికెళ్లింది. అక్తాన్ రొమ్ము మీద చెయ్యి పెట్టి కూర్చుంది.

రబ్బరు జోళ్ల చప్పుడు వినిపించింది. కారు దగ్గర ఆగింది.

"కోడలా!" తెమిర్‌కుల్ గొంతు, మెత్తగానే. "ఇక్కడ ఊడవడం మర్చిపోయావమ్మా."

పిల్లాడి ఊపిరి అరచేతికి తగులుతోంది. ఆమె లేవలేదు.