ఒక్క మట్ట పడితే చాలు

ఇది ఆకాశానికీ భూమికీ నడుమ జరిగిన మహాసంగ్రామం అని మొదలుపెడదామనుకున్నాను. నిజానికిది ఒక కొబ్బరిమట్ట ఎప్పుడు పడుతుందా అని ఇద్దరు ఇంజనీర్లు వానాకాలమంతా పైకి చూస్తూ కూర్చున్న కథ. మట్ట పడలేదు.

మా సారు అమలాపురం దగ్గర ఒక కాలేజీలో ఎలక్ట్రికల్ ప్రొఫెసరు. నేను ఆయన దగ్గర పీహెచ్‌డీ చేసేవాణ్ణి, అంటే ఆయన గొడుగు నేను పట్టుకునేవాణ్ణి. ముప్పయ్యేళ్ళుగా ఆయన్ని వదలని ప్రశ్న ఒక్కటే. కరెంటు తీగ మీద పచ్చిమట్ట వాలితే సబ్‌స్టేషనుకి తెలియదు. మట్టలోంచి కరెంటు కొద్దికొద్దిగా కారుతూనే ఉంటుంది. కింద నడిచేవాడికి తెలుస్తుంది గానీ, ఒక్కసారే. ఆ కారడాన్ని అంతకు ముందే పసిగట్టే లెక్క సారు కాయితం మీద తేల్చేరు. ల్యాబులో బోలెడు మట్టలు కాల్చి చూసేరు. ఇక నిజం లైను మీద ఒక్క రికార్డింగు దొరికితే పేపరు పూర్తవుతుంది. రిటైర్మెంటుకి నాలుగు నెలలుంది.

కొత్తపేట వైపు ఒక రైతుగారి తోటలోంచి లైను వెళుతుంది. కరెంటాఫీసు అనుమతి తెచ్చుకుని అక్కడి స్తంభానికి రికార్డరు కట్టేం. రోజూ సాయంత్రం కాలవగట్టు మీద కూర్చునేవాళ్ళం. గాలి లేస్తే సారు టీ తాగడం ఆపేసేవారు. ఆయన పాఠాలన్నీ నాకు ఆ గట్టు మీదే అర్థమయ్యేయి. క్లాసులో నిద్రపోయేవాణ్ణి లెండి.

పక్క తోటల్లో మట్టలు రాలుతూనే ఉన్నాయి. ఇక్కడ మాత్రం లేదు. మీటరు చూడ్డం వచ్చు గానీ, మా ఇద్దరికీ చెట్టు చూడ్డం రాదు.

సారు రిటైరయ్యే వారం రైతుగారు బొండాలు కొట్టించి ఇచ్చి, మిషను బాగా పనిచేస్తోందా అని అడిగేరు. మట్టే పడ్డంలేదని సారు చెప్పేరు.

"ఎలా పడనిస్తామండీ? మాస్టారు ఇంతదూరం వచ్చి కూర్చుంటున్నారని, చెట్టెక్కే దింపువాళ్ళని పెట్టి వాలిన మట్ట వాలినట్టు కొట్టించేస్తున్నామండీ, ఆయ్."

సారు బొండాం గట్టు మీద పెట్టేరు. తర్వాత చేతులు జోడించేరు.

"చాలా శ్రమ తీసుకున్నారండీ."

దారిలో నేను విసుక్కుంటే, "మనం పడ్డాక కనిపెడతామయ్యా. ఆయన పడకుండా చూసేరు," అన్నారు. అదే పేపరుగా రాసేద్దామన్నాను. సారు నవ్వలేదు.

సారు ఇప్పుడు హైదరాబాదులో, చెట్టు కనబడని నాలుగో అంతస్తులో ఉంటున్నారు. ఆయన పాఠం నేను చెబుతున్నాను, పిల్లలు నిద్రపోతున్నారు. గాలి లేస్తే నా టీ కూడా ఆగిపోతోంది.

కిందటి నెల ఆ గట్టు మీద ఒక్కణ్ణే కూర్చున్నాను. నా కళ్ళెదుటే మట్ట విరిగి సరిగ్గా లైను మీద వాలింది. సారుకి చెబుదామని ఫోను తీసేను.

పోయినేడే ఆ లైనుకి తొడుగున్న కేబులు వేసేరు. మట్ట పడినా ఏమీ కాదు.