కుర్చీ వెనక కలువలు

“వంకరగా ఉందా అండీ?” ఎదురు ఫ్లాటాయన్ని తలుచుకుంటే నాకు ముందు ఈ మాటే వినిపిస్తుంది.

ఉద్యోగం పోయాక ఆయన ఇంటర్వ్యూలన్నీ మణికొండలోని ఆ ఇంట్లోంచే, వీడియోలో. కుర్చీ వెనక గోడ చెమ్మకు నల్లబడిపోయింది. ఓనరు రంగు వేయించడు, మేకు కొట్టనివ్వడు. అందుకని ఒక ఫ్రెంచి ఇంప్రెషనిస్టు చిత్రకారుడి కలువకొలను బొమ్మ, కాన్వాసు మీద అచ్చేసింది, కొనుక్కొచ్చి జిగురు కొక్కేలకు తగిలించాడు. భార్య నర్సు, డ్యూటీలో ఉండేది. అందుకే ప్రతిసారీ నన్ను పిలిచి చూడమనేవాడు.

“మంచిగుంది అన్నా, ఫికర్ చెయ్యకు,” అనేవాణ్ణి.

ఆఖరిసారి నేనింకా గదిలో ఉండగానే ల్యాప్‌టాప్‌లోంచి ఇంటర్వ్యూ చేసే అమ్మాయి మర్యాదగానే అంది: “సర్, వర్చువల్ బ్యాక్‌గ్రౌండ్ తీసేయండి. మీ అసలు గది కనిపించాలి.”

“ఇది నిజం బొమ్మేనండీ,” అని ఆయన వేలితో తట్టి చూపించాడు. ఆ అమ్మాయి మళ్లీ అదే మాట అంది. ఆయన లేచి కలువల్ని లాగేశాడు. ఒక పక్క కొక్కేలతో పాటు గోడ పెచ్చులూ రాలాయి. ఆ నల్లటి గోడ ముందు కూర్చుని, “ఇప్పుడు కనిపిస్తోందా అండీ?” అన్నాడు.

కాల్ అయ్యాక, మిగిలిన ఒక్క కొక్కేనికే బొమ్మను మళ్లీ తగిలించాడు. అప్పుడది నిజంగానే వంకరగా ఉంది. ఆయన అడగలేదు.